పంపరపనస: కాయ ఎంపిక నుంచి తొక్క మురబ్బా దాకా

పంపరపనస తిని "అబ్బే, చేదు" అని పక్కన పెట్టేసినవాళ్లలో చాలామంది తిన్నది పండును కాదు, పొరను. బత్తాయి తొనలాగా పొరతో సహా నోట్లో వేసుకుంటే ఎంత మంచి కాయైనా చేదుగానే ఉంటుంది. ఈ పండులో చేదు ప్రధానంగా మూడుచోట్ల ఉంటుంది: తొక్క కింద దూదిలా ఉండే తెల్లటి బెండులో, తొనల చుట్టూ ఉన్న పొరలో, గింజల్లో. లోపలి రసపు ముత్యాలు పుల్లతీపిగా, శుభ్రంగా ఉంటాయి. కాయ కొనడం, ఒలవడం, రసం తీయడం, తొక్కతో మురబ్బా చేయడం అన్నిటికీ ఈ లెక్కే ఆధారం.

ముందు ఇది ఏ కాయో తేల్చుకోండి

పేరులో పనస ఉన్నా పనసకూ దీనికీ చుట్టరికం లేదు. ఇది నిమ్మ, నారింజల కుటుంబం. ఆ కుటుంబంలో అన్నిటికన్నా పెద్ద కాయ ఇదే, మామూలుగా కిలో నుంచి రెండు కిలోల దాకా తూగుతుంది. శాస్త్రీయ నామం సిట్రస్ మాక్సిమా, పుట్టిల్లు ఆగ్నేయాసియా. కన్నడిగులు చక్కోత అంటారు, హిందీలో చకోతరా, అస్సాంలో రొబాబ్ టెంగా. బెంగాలీలు బాతాబి లేబు అంటారు. ఆ బాతాబి అంటే బటావియా, ఇప్పటి జకార్తా. తమిళుల పంబళిమాస్, డచ్చివారి పొంపెల్‌మూస్ పక్కపక్కన పెట్టి పలికితే మన 'పంపర' ఎటునుంచి వచ్చిందో చెవికే తెలిసిపోతుంది.

నారింజకు ఇది పూర్వీకుడు కూడా. పంపరపనసకూ కమలా జాతికీ కలిసిన సంకరాల నుంచే తీపి నారింజ, అంటే మన బత్తాయి, వచ్చింది. మళ్లీ పంపరపనసా తీపి నారింజా కలిసి 18వ శతాబ్దంలో బార్బడోస్ దీవిలో గ్రేప్‌ఫ్రూట్ పుట్టింది. ఈ గ్రేప్‌ఫ్రూట్ బంధుత్వం గుర్తుపెట్టుకోండి, మందుల సంగతి వచ్చినప్పుడు పనికొస్తుంది.

మన దగ్గర తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. దబ్బకాయనూ పంపరపనసనూ ఒకటే అనుకుంటారు. దబ్బకాయ చిన్నది, పుల్లగా ఉంటుంది, ఊరగాయకూ పులిహోరకూ దాన్నే వాడతారు. పంపరపనసలో ఆ పులుపు ఉండదు. నిమ్మరసంలో ఆమ్లం 5–6 శాతం దాకా ఉంటే, తినే రకం పంపరపనసలో 1 శాతానికి అటూ ఇటూ. కాబట్టి పంపరపనస పులిహోర చేయాలని చూడకండి. అన్నం తడిసి ముద్దవుతుంది తప్ప పులుపెక్కదు.

కాయ కొనేటప్పుడు

వాసన, రంగు తర్వాత చూడవచ్చు, ముందు బరువు చూడండి. ఒకే సైజున్న రెండు కాయలు రెండు చేతుల్లోకి తీసుకోండి, బరువైనదాన్ని ఉంచుకోండి. తేలిగ్గా ఉన్న కాయలో బెండు మందంగా ఉంటుంది, లేదా లోపలి ముత్యాలు ఎండి గట్టిపడి ఉంటాయి. చెట్టు మీద ఎక్కువ రోజులు వదిలేసినా, నీటి తడులు సరిగా అందకపోయినా ముత్యాలు ఇలా గట్టిపడతాయి. ఆ తొన నమిలితే రసం రాదు, బియ్యపు నూకలు నమిలినట్టుంటుంది. ఒలిచాక దానికి చేయగలిగింది ఏమీ లేదు కాబట్టి కొట్లోనే జాగ్రత్తపడాలి.

పెద్ద కాయైతే పండు ఎక్కువ వస్తుందనీ అనుకోవద్దు. బెండు 1.5 సెంటీమీటర్ల నుంచి 3 సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు. తొడిమ దగ్గర మెడలా పొడుగ్గా సాగిన కాయలో ఆ మెడ మొత్తం బెండే. సాధారణంగా కాయ బరువులో సగమో, ఇంకాస్త తక్కువో తినేందుకు దక్కుతుంది. అంటే కిలోన్నర కాయ కొంటే 600 నుంచి 750 గ్రాముల తొనలు.

రంగు నమ్మదగ్గ గుర్తు కాదు. కొన్ని రకాలు పండినా ఆకుపచ్చగానే ఉంటాయి. అంతకన్నా తొక్క మీది నూనె చుక్కలు చూడండి. లేత కాయలో అవి దగ్గరదగ్గరగా, సన్నగా, గరుకుగా ఉంటాయి. పండినదానిలో విడివిడిగా పెద్దవై, తొక్క కాస్త జిడ్డుగా నునుపుగా తగులుతుంది. తొడిమ చుట్టూ మెత్తబడినా, నీరు కారుతున్నా వద్దు. తొక్క కొంచెం ముడతపడి ఉంటే మాత్రం భయపడనక్కర్లేదు, కోసి వారం పది రోజులైన కాయ అలాగే ఉంటుంది. నిజానికి అలాంటి కాయే తినడానికి బాగుంటుంది, పులుపు కొంత దిగి తీపి పైకి వస్తుంది, ఒలవడమూ సులువు.

లోపలి రంగు తెల్లగా, లేత పసుపుగా, గులాబీగా, ఎరుపుగా ఉండొచ్చు. గులాబీ రంగు లైకోపీన్ వల్ల వస్తుంది, టమాటాకు ఎరుపునిచ్చేదే. గులాబీ అయితే తియ్యగా ఉంటుందన్న నమ్మకం ఉంది కానీ తీపి రకాన్ని బట్టీ, కోసిన వేళను బట్టీ మారుతుంది. బెంగళూరు పక్కన దేవనహళ్లి చక్కోతకు భౌగోళిక గుర్తింపు ఉంది, దొరికితే వదలొద్దు.

విదేశాల్లో ఉన్నవాళ్లకు చలికాలంలో చైనా సరుకుల దుకాణాల్లో ఎర్రటి వలసంచిలో చుట్టిన కాయలు దొరుకుతాయి. ఫుజియన్ రాష్ట్రంలోని పింగ్‌హె ప్రాంతపు తేనె పంపరపనస ఎక్కువగా అలా వస్తుంది. బేరికాయ ఆకారం, మెడ పొడుగు. అమెరికాలో ఒరోబ్లాంకో, మెలోగోల్డ్ పేర్లతో అమ్మేవి పంపరపనసకూ గ్రేప్‌ఫ్రూట్‌కూ సంకరాలు. రుచి బాగుంటుంది, బెండు మాత్రం వీటిలో తక్కువ, మురబ్బాకు చాలదు.

ఒలవడం

ఓపిక పెట్టాల్సింది ఇక్కడే. మొదటిసారి ఇరవై నిమిషాలు పడుతుంది, అలవాటయ్యాక పది చాలు. చిన్న పదునైన చాకు, పెద్ద పళ్లెం, తొక్కకు ఒక గిన్నె, పొరలకూ గింజలకూ మరొకటి సిద్ధం చేసుకోండి.

1. కాయను కడిగి తుడవండి. తడిగా ఉంటే చేతిలో జారుతుంది. తొడిమ వైపు 2 సెంటీమీటర్ల మందాన మూతలా కోసేయండి. తెల్లటి బెండు కనబడాలి, తొనలు తెగకూడదు. మెడ ఉన్న కాయైతే మెడ మొత్తం తీసేయవచ్చు.

2. పైనుంచి కిందికి నిలువుగా ఆరు నుంచి ఎనిమిది గాట్లు పెట్టండి. చాకు సెంటీమీటరున్నర లోతుకు మించి దిగకూడదు. బెండులో చాకు దూదిలో దిగినట్టు దిగుతుంది. గట్టిగా తగిలిందంటే తొనల దాకా వచ్చారు, ఆగండి.

3. పైన కోసిన చోట బొటనవేలు బెండులోకి దింపి ఒక్కో రేకను కిందికి లాగండి. తామరపువ్వు విచ్చినట్టు రేకలన్నీ విడివడి, మధ్యలో తెల్లటి బంతి మిగులుతుంది. తొక్కతో ఏదైనా వండాలనుకుంటే ఈ రేకలను చిదమకుండా దాచండి.

4. బంతి మీద అంటుకున్న బెండును గోళ్లతో పీకేయండి. అడుగున ఉన్న సన్నటి పొర తర్వాత ఎలాగూ పోతుంది, దాంతో కుస్తీ పట్టక్కర్లేదు.

5. బంతి నడినెత్తిన రెండు బొటనవేళ్లూ దింపి రెండు చెక్కలుగా విడదీయండి. తర్వాత తొనలను ఒక్కొక్కటిగా ఊడదీయండి.

6. ఇప్పుడు అసలు పని. తొనకు రెండు అంచులుంటాయి. వీపులా గుండ్రంగా ఉన్నది ఒకటి, కాయ నడిమికి తిరిగి ఉన్న సన్నటిది రెండోది. ఆ సన్నటి అంచును కత్తెరతో గానీ చాకుతో గానీ పొడవునా కత్తిరించండి. గింజలు ఉండేది ఆ అంచునే, వాటిని అప్పుడే తీసేయవచ్చు. తర్వాత పొరను రెండువైపులా పుస్తకం తెరిచినట్టు విప్పి వెనక్కి వంచితే లోపలి ముక్క వీపు మీద నిలబడుతుంది. దాన్ని మెల్లగా ఊడదీసి పళ్లెంలో పెట్టండి.

వీపు వైపు నుంచి మొదలుపెడితే పొర చిరుగుతుంది, ముత్యాలు దానికి అంటుకుని చిదికిపోతాయి. పని విసుగనిపించడానికి చాలావరకు కారణం ఇదే.

పొర ఎంతకీ ఊడిరాకపోతే కాయ మరీ తాజాది. ఒలవని కాయలు మిగిలి ఉంటే వాటిని నాలుగైదు రోజులు గదిలో ఉంచండి. విడదీసిన తొనలను మాత్రం అరగంట ఫ్యాను కింద ఆరబెట్టండి. పైపొర కాగితంలా ఎండి చిటుక్కున లేస్తుంది.

బాగా ఒలిచిన ముక్కను వెలుతురుకు పట్టి చూస్తే లోపల ముత్యాలు విడివిడిగా కనిపిస్తాయి. ఒక్కోటి సెంటీమీటరు పైన పొడవు, ఒక కొస లావు, ఇంకో కొస సన్నటి తోక. తోకలన్నీ వీపు వైపుకు ఉంటాయి. ముక్కను అటునుంచి వేళ్లతో నులిమితే ముత్యాలు చెదరకుండా రాలుతాయి. కోసంబరికైనా సలాడ్‌కైనా ఇలా నులిమి విడదీయాలి. చాకుతో తరిగితే అడుగున రసం తేలి, ముక్కలు నీరుకారిపోతాయి.

ఉప్పు ఎప్పుడు వేయాలి

పంపరపనస పక్కన ఉప్పు ఎందుకు పెడతారంటే, ఉప్పు నాలుకకు చేదును తెలియనివ్వదు. పొర ముక్క ఒకటి అరా మిగిలినా కప్పేస్తుంది. కానీ అదే ఉప్పు ముత్యాల్లోంచి నీరు లాగుతుంది కూడా. కలిపిన పావుగంటకు గిన్నె అడుగున రసం నిలుస్తుంది. అందుకే కింది వాటన్నిటిలోనూ ఉప్పు వడ్డించే ముందే వేయాలి.

బెంగాల్, అస్సాంల తీరులో కలిపిన ముక్కలు మొదట చేసి చూడండి. రెండు కప్పుల ముక్కలకు (సుమారు 300 గ్రాములు) సన్నగా తరిగిన పచ్చిమిర్చి ఒకటి, కొత్తిమీర రెండు చెంచాలు, పంచదార ఒక చెంచా, ఆవనూనె ఒక చెంచా, అరచెంచా ఉప్పు. పచ్చి ఆవనూనె ఘాటు గిట్టనివాళ్లు పప్పునూనె (నువ్వుల నూనె) వాడితే మన నోటికి ఇంకా బాగుంటుంది. పచ్చిమిర్చిని ముందుగా ఉప్పూ పంచదారలతో గిన్నెలోనే నలిపి, ఆ తర్వాత ముక్కలు వేసి రెండుసార్లు తిప్పండి. ముక్కలు వేశాక నలపకూడదు.

వడపప్పు చేసే ఇళ్లలో దీన్ని అందులో కలిపితే సరి. పావు కప్పు పెసరపప్పు ముప్పావుగంట నానబెట్టి, నీళ్లు పూర్తిగా వార్చి, గుడ్డ మీద పది నిమిషాలు ఆరబెట్టండి. ఒక చిన్న కీరదోసను తురిమి, నీరు పిండేసి వేయండి, రెండు చెంచాల కొబ్బరి తురుము, కప్పున్నర ముత్యాలు కలపండి. ఆవాలు, చిటికెడు ఇంగువ, కరివేపాకు తాలింపు చల్లారాకే పోయాలి. వేడి నూనె తగిలితే ముత్యాలు తెల్లబడి ముద్దవుతాయి. నిమ్మరసం అక్కర్లేదు.

పెరుగు పచ్చడి ఇంకా తేలిక. గట్టి పెరుగు ఒక కప్పు చిలికి, ముప్పావు కప్పు ముత్యాలు, పావుచెంచా వేయించిన జీలకర్ర పొడి, తాలింపు. పుల్లటి పెరుగు వద్దు, రెండు పులుపులూ కలిసి పళ్లు జివ్వుమంటాయి. మిగిలితే మర్నాటికి చేదెక్కుతుంది, పూటకు సరిపడా చేసుకోండి.

థాయ్‌లాండ్‌లో యామ్ సోమ్-ఓ అనే కలపడం ఒకటుంది. అందులో సరుకులన్నీ మన వంటింట్లో ఉన్నవే కావడం తమాషా. రెండు చెంచాల చింతపండు గుజ్జు, రెండు చెంచాల తాటిబెల్లం, అరచెంచా ఉప్పు (వాళ్లు చేప సాస్ పోస్తారు) సన్నసెగ మీద తేనెంత చిక్కబడేదాకా మరిగించి చల్లార్చండి. రెండు కప్పుల ముత్యాలకు మూడు చెంచాల వేయించిన కొబ్బరి, మూడు చెంచాల దంచిన పల్లీలు, కరకరలాడేలా వేయించిన ఉల్లిపాయలు గుప్పెడు, ఎండుమిర్చి పలుకులు అరచెంచా. పులుసు పలచగా ఉంటే మొత్తం రసంలా మారుతుంది కాబట్టి చిక్కదనం విషయంలో రాజీ పడకండి. తినేవాళ్లు ఎండురొయ్యలు వేయించి పొడి చేసి చల్లుకోవచ్చు. అసలు వంటలోనూ రొయ్యలు పడతాయి.

రసం: తీసిన గంటలోనే

తొనలను పొరతో, గింజలతో మిక్సీలో వేసి వడకట్టడం పెద్ద తప్పు. గింజ చితికితే ఆ గ్లాసు ఇక తాగలేం. పొర ఒలిచి, గింజ తీసి, ముక్కలను మిక్సీలో రెండు మూడుసార్లు మాత్రం తిప్పి ఆపి, పెద్ద కన్నుల జల్లెడలో వేసి గరిటెతో నొక్కండి. 500 గ్రాముల ముక్కలకు ఒకటిన్నర నుంచి రెండు గ్లాసులు వస్తుంది. చిటికెడు సైంధవ లవణం, కాస్త దంచిన మిరియం చాలు.

ఇంత జాగ్రత్తగా తీసినా రసం ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం తాగితే చేదు తగులుతుంది. ఈ చేదు పొరలో ఉండే నారింజిన్ వల్ల కాదు, లిమోనిన్ అనే ఇంకో పదార్థం వల్ల. పండులో అది చేదు లేని రూపంలో ఉంటుంది. కణాలు చితికి రసంలోని ఆమ్లంతో కలిశాక మెల్లగా చేదు రూపానికి మారుతుంది. పంచదార ఎంత పోసినా ఈ మార్పు ఆగదు. అందుకే పొద్దున తీసి సీసాలో పెట్టుకునే పండు కాదిది.

తొక్కతో మురబ్బా

ఒక కాయ కొంటే సగం తొక్కే కదా, పారేయడానికి మనసొప్పదు. చేదు ఎక్కువగా ఉన్న భాగమూ ఇదే కాబట్టి, దాన్ని తీసేయడమే ఇక్కడ వంట.

ఒలిచిన రేకల మీది ఆకుపచ్చ పొరను పీలర్‌తో పలచగా తీసేయండి. అందులో నూనె ఉంటుంది, ఘాటుగా కమ్మటి వాసన వేస్తుంది కానీ మురబ్బాలో వగరు. ఎండబెట్టి పొడి చేసుకుంటే చారులోనో, టీలోనో చిటికెడు వేసుకోవచ్చు. మిగిలిన తెల్లటి బెండును వేలి వెడల్పు ముక్కలుగా కోయండి. 400 గ్రాముల బెండుకు లెక్క ఇది.

రెండు లీటర్ల నీళ్లలో ముక్కలు వేసి పది నిమిషాలు మరిగించండి. తేలుతూ ఉంటాయి, ఒక పళ్లెం బోర్లించి నీళ్లలో మునిగేలా చూడండి. వార్చి, చన్నీళ్లు పోసి, రెండు అరచేతుల మధ్య స్పాంజి నొక్కినట్టు నొక్కండి. పిండితే చిరిగిపోతాయి. కొత్త నీళ్లతో ఇదే పని ఇంకో రెండుసార్లు. ఆ తర్వాత రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి, వీలైతే మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చండి. పొద్దున ఒక ముక్క కొరికి చూడండి. కొద్దిపాటి చేదుంటే ఫరవాలేదు, పాకంలో అదే రుచి. నోరు ముడుచుకుపోయేలా ఉంటే మరోసారి మరిగించాలి.

పాకంలో వేసే ముందు ముక్క గోటితో నొక్కితే తెగేంత మెత్తగా ఉందో లేదో చూసుకోండి. చాలామందికి మురబ్బా తోలులా సాగడానికి కారణం ఈ పరీక్ష వదిలేయడమే. పంచదార తగిలాక ముక్క ఇక మెత్తబడదు.

400 గ్రాముల పంచదార, 400 మిల్లీలీటర్ల నీళ్లు, ఒక పెద్ద చెంచా నిమ్మరసం కలిపి మరిగించి, నొక్కి నీరు తీసిన ముక్కలు వేసి సన్నసెగ మీద 45 నిమిషాల నుంచి గంట ఉడికించండి. మొదట తెల్లగా ఉన్న ముక్క అంచుల నుంచి అద్దంలా మారుతూ వస్తుంది. మొత్తం అలా మారి, పాకం తీగ సాగి, గిన్నె అడుగున రెండు చెంచాలే మిగిలినప్పుడు దించండి. గరిటెతో ఊరికే తిప్పకండి, పాకం పలుకులు కడుతుంది. గిన్నెనే పట్టుకుని ఊపండి. నిమ్మరసం వేసేదీ పలుకు కట్టకుండా ఉండటానికే. జల్లెడ మీద పరిచి రెండు రోజులు నీడన ఆరబెట్టి, పంచదారలో దొర్లించి, తడి తగలని సీసాలో పెడితే నెల పైనే ఉంటుంది. వానాకాలంలో ఆరక జిగటగా ఉండిపోతే ఫ్రిజ్‌లో దాచుకోవాలి.

ఇదే బెండుతో వియత్నాంలో చె బుయి అనే పాయసం చేస్తారు. పెసరపప్పు, కొబ్బరిపాలతో చేసేది కాబట్టి మన పెసరపప్పు పాయసానికి దగ్గరి చుట్టం. 150 గ్రాముల బెండును చిన్న ఘనాలుగా కోసి, రెండు చెంచాల ఉప్పు వేసి నలిపి, నాలుగైదు నీళ్లలో కడిగి నొక్కండి. ఒకసారి ఐదు నిమిషాలు మరిగించి మళ్లీ నొక్కండి. రెండు చెంచాల పంచదారతో అరగంట ఊరనిచ్చి, 100 గ్రాముల కర్రపెండలం పిండిలో దొర్లించి, మరిగే నీళ్లలో విడివిడిగా వేయండి. సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం చేసేదీ ఈ కర్రపెండలంతోనే, పిండి దొరకడం కష్టం కాదు. ముక్కలు పైకి తేలి, పిండి పొర అద్దంలా మారాక చన్నీళ్లలోకి తీసి, వడకట్టి, దించిన పాయసంలో కలపాలి. నోట్లో జారుడుగా, నమిలితే కాస్త కరకరమంటుంది. పిండి వదులుగా అంటితే నీళ్లలో విడిపోయి గంజి అవుతుంది. ముక్కలు తడి తడిగా ఉండగానే దొర్లించి, ఎక్కువైన పిండిని జల్లెడలో దులిపేయండి.

ఒంటికి ఏం చేస్తుంది, ఏం చేయదు

100 గ్రాముల ముక్కల్లో సుమారు 38 కెలోరీలు, 9.6 గ్రాముల పిండిపదార్థాలు, 1 గ్రాము పీచు, 61 మిల్లీగ్రాముల విటమిన్ సి, 216 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటాయి. మిగతా అంతా దాదాపు నీరే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్లలో మగవారికి రోజుకు 80, ఆడవారికి 65 మిల్లీగ్రాముల విటమిన్ సి కావాలి. అంటే 150 గ్రాముల ముక్కలు, ఒక చిన్న గిన్నెడు, ఆ రోజు అవసరం తీరుస్తాయి. మొత్తం కాయ ఒక్కరే తినక్కర్లేదు.

విటమిన్ సికి ఇంకో పని ఉంది. తోటకూర, రాగులు, పప్పుల్లో ఉండే ఇనుమును ఒంటికి పట్టేలా చేస్తుంది. రక్తహీనత ఉన్నవాళ్లు ఈ ముక్కలను భోజనంతోపాటే తింటే ఆ లాభం దక్కుతుంది. భోజనం కాగానే టీ తాగితే అదే ఇనుము ఒంటికి సరిగా పట్టదు.

చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు ఒక గిన్నెడు ముక్కలు తినవచ్చు, రసం మానడం మంచిది. గ్లాసు రసానికి పావు కిలో పైన ముక్కలు పడతాయి, పీచు పోతుంది, నమలకుండానే లోపలికి దిగిపోతుంది. ఇక కొవ్వు కరిగిస్తుంది, షుగర్‌ను తగ్గించేస్తుంది అనే మాటలు వాట్సాప్‌లోనే ఉండనివ్వండి. కొవ్వును కరిగించే ఎంజైమ్ ఏదీ ఈ పండులో లేదు. నారింజిన్ మీద పరిశోధనలున్నాయి కానీ ఎక్కువ భాగం ప్రయోగశాలలోనూ, జంతువుల మీదా చేసినవి. వాటిని చూసి మందు మానేయడం ప్రమాదం.

మందులు వాడేవాళ్లు ఇది తప్పక చదవాలి

గ్రేప్‌ఫ్రూట్ బంధుత్వం ఇక్కడ పనిచేస్తుంది. ఈ రెండు పండ్లలోనూ ఫ్యూరానోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. మనం మింగిన మాత్రల్లో కొన్నిటిని రక్తంలోకి చేరకముందే పేగు గోడలోని సిప్ 3ఎ4 అనే ఎంజైమ్ కొంత విరగ్గొడుతుంది. మాత్ర మోతాదును కూడా ఆ నష్టం లెక్కలో పెట్టుకునే నిర్ణయిస్తారు. ఫ్యూరానోకౌమరిన్లు ఆ ఎంజైమ్‌ను పనికిరాకుండా చేస్తాయి. అప్పుడు అదే మాత్ర రక్తంలోకి మామూలు కన్నా ఎక్కువగా చేరుతుంది. ఒక మాత్రకు రెండు మూడు వేసుకున్నట్టు.

కెనడాలో ఫెలోడిపిన్ అనే బీపీ మందు మీద మద్యం ప్రభావం చూసే ప్రయోగం చేస్తూ, మద్యం రుచి తెలియకుండా ఉండాలని గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపి ఇచ్చినప్పుడు అనుకోకుండా ఈ సంగతి బయటపడింది. అది 1989 నాటి మాట. పంపరపనస తిన్న కిడ్నీ మార్పిడి రోగి రక్తంలో టాక్రోలిమస్ అనే మందు పెరిగిన కేసు ఆ తర్వాత వైద్య పత్రికల్లో నమోదైంది.

జాగ్రత్తపడాల్సిన మందుల్లో తరచూ కనిపించేవి: కొలెస్టరాల్‌కు సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్, బీపీకి ఫెలోడిపిన్, నిఫెడిపిన్, గుండె లయకు అమియోడరోన్, అవయవ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్. రోసువాస్టాటిన్ కూడా కొలెస్టరాల్ మందే కానీ దానికి ఈ దారిలో ఇబ్బంది లేదు. జాబితా ఇంతటితో అయిపోదు, కాబట్టి రోజూ వేసుకునే మాత్ర ఏదున్నా చీటీ పట్టుకుని డాక్టరునో ఫార్మసిస్టునో అడగండి. అడిగేటప్పుడు "గ్రేప్‌ఫ్రూట్ పడుతుందా?" అని అడిగితే వాళ్లకు వెంటనే అర్థమవుతుంది, పంపరపనస పేరు అందరికీ తెలియకపోవచ్చు.

"మాత్ర పొద్దున వేసుకుంటాను, పండు రాత్రి తింటాను" అంటే కుదరదు. పాడైన ఎంజైమ్ స్థానంలో కొత్తది తయారు కావడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఈ పండుతో పడదన్న మందు వాడుతున్నంత కాలం పండూ, దాని మురబ్బా కూడా వద్దు.

కిడ్నీ జబ్బున్నవాళ్లకు పొటాషియం బెడద. కాయ మొత్తం తింటే 600 గ్రాములకు దాదాపు 1300 మిల్లీగ్రాముల పొటాషియం లోపలికి వెళుతుంది. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు అది చాలా ఎక్కువ. ఛాతీలో మంట ఉన్నవాళ్లు ఖాళీ కడుపున తినకపోతే చాలు. ఎవరైనా సరే తిన్న వెంటనే పళ్లు తోమకండి. నీళ్లతో పుక్కిలించి అరగంట ఆగండి, పులుపు తగిలిన పంటి పైపొర అప్పుడు మెత్తగా ఉంటుంది.

తొక్క ఒలిచాక చేతులు సబ్బుతో కడగండి. తొక్క నూనెలో కూడా ఇవే ఫ్యూరానోకౌమరిన్లు ఉంటాయి, అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు ఎర్రబడి, తర్వాత వారాల తరబడి నల్లమచ్చలు ఉండిపోతాయి. పిల్లలు తొక్కలను టోపీలా నెత్తిన పెట్టుకుని ఆడుకుంటారు కదా, ఆ ఆట నీడపట్టునే ఆడనివ్వండి.

దాచుకోవడం, గింజ సంగతి

ఒలవని కాయ గాలి ఆడేచోట రెండు మూడు వారాలు నిక్షేపంగా ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పేర్చకండి, ఒరుసుకున్న చోట బూజు పడుతుంది. ఒలిచిన ముక్కలు మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో మూడు రోజుల్లో తినేయాలి. గడ్డకట్టిస్తే ముత్యాలు పగిలి, కరిగాక పిప్పి మిగులుతుంది.

గింజలు పారేయకుండా నాటాలనిపిస్తే ఒక్క మాట. నిమ్మజాతి చెట్లు చాలావాటిలో గింజ నుంచి తల్లిలాంటి మొక్కే వస్తుంది. పంపరపనస అలా కాదు. గింజలో ఒకటే పిండం ఉంటుంది, అదీ పరపరాగ సంపర్కం వల్ల పుట్టింది. ఎంత తియ్యటి కాయ గింజ నాటినా మొక్క ఏ రుచి కాస్తుందో కాసేదాకా తెలియదు, అందుకు ఏళ్లు పడుతుంది. మంచి చెట్టు ఎక్కడుందో తెలిస్తే వానాకాలంలో పెన్సిలు మందం కొమ్మకు గాలి అంటు (కొమ్మ చెట్టున ఉండగానే దానికి వేళ్లు పుట్టించడం) కట్టించుకోండి. గింజలను గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా నానేస్తే పొద్దునకు చుట్టూ జిగురు ఊరుతుంది. అది పెక్టిన్, జామ్‌ను గట్టిపరిచే పదార్థం. జామ్ కాసేటప్పుడు ఆ గింజలను పలచటి గుడ్డలో మూటకట్టి అందులో వేసి, జామ్ గట్టిపడ్డాక మూట తీసేయండి.